గుర్రాలన్నీ చక్రాల దాకా రావు!

బ్రోచర్‌లో రాసిన హార్స్‌పవర్ వేరు... అరకు ఘాట్ రోడ్డు మీద చక్రాలకు అందే హార్స్‌పవర్ వేరు. మధ్యలో ఆ గుర్రాలు ఏమవుతున్నాయి? ఎక్కేటప్పుడు ఏడిపించే ఆ లెక్క, దిగేటప్పుడు ప్రాణాలెలా కాపాడుతుంది?

కారు కొనడానికి వెళ్లినవాళ్లు మైలేజీ తర్వాత అడిగే ప్రశ్న... 'ఎంత హార్స్‌పవర్?' అని. బ్రోచర్‌లో ఆ అంకె పెద్దక్షరాల్లోనే ఉంటుంది. పక్కింటివాళ్ల కారు కన్నా అయిదో పదో ఎక్కువుంటే అదో తృప్తి. విశాఖ బీచ్ రోడ్డులో బండి రివ్వున దూసుకుపోతుంటే ఆ తృప్తి రెట్టింపవుతుంది.

అదే బండి అయిదుగురితో, డిక్కీ నిండా సామానుతో అరకు బయల్దేరిందనుకోండి. శృంగవరపుకోట దాటేదాకా హుషారే. కాశీపట్నం వెనక్కి వెళ్లి, టైడా దగ్గర మలుపులు మొదలయ్యాక కథ మారుతుంది. ముందు లారీ ఉంటుంది. దాన్ని దాటాలని యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కినా బండి కదలదు. ఇంజను మూలుగుతుంది, అంతే. 'కొత్త బండే కదా, లాగదేం?' అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

బండిలో లోపమేం లేదు. బ్రోచర్ కూడా అబద్ధం చెప్పలేదు. అది చెప్పింది ఇంజను దగ్గరి సంగతి. కొండెక్కాల్సింది మాత్రం చక్రాలు!

బ్రేకు వేసి కొలిచారు

హార్స్‌పవర్ అన్న మాటను లోకానికి అలవాటు చేసింది ఆవిరి యంత్రాలకు మెరుగులు దిద్దిన జేమ్స్ వాట్. 18వ శతాబ్దం చివర్లో ఆయన తన యంత్రాలు అమ్ముకోవాలంటే, కొనేవాళ్లకు అర్థమయ్యే కొలమానం ఒకటి కావాల్సొచ్చింది. అప్పట్లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవి గుర్రాలే. అందుకే 'నా యంత్రం ఇన్ని గుర్రాల పెట్టు' అని చెప్పాడు. ఆ తర్వాత వచ్చిన మెట్రిక్ లెక్కలో చెప్పాలంటే... 75 కిలోల బరువును ఒక్క సెకనులో మీటరు ఎత్తుకు లేపగలిగితే అది ఒక హార్స్‌పవర్.

మరి ఇంజను బలాన్ని కొలిచేదెలా? 1821లో ఫ్రెంచి ఇంజినీరు గాస్పార్ డి ప్రోనీ ఓ ఉపాయం కనిపెట్టాడు. తిరిగే ఇరుసును చెక్కదిమ్మలతో గట్టిగా బిగించి, ఆ రాపిడిని ఓర్చుకుంటూ ఇంజను ఎంత బలంగా తిప్పగలుగుతోందో తూకం వేశాడు. 'బ్రేక్ హార్స్‌పవర్' అంటుంటారే... అందులోని బ్రేకు అదే. కారు బ్రేకులతో దానికి సంబంధం లేదు. 1877లో ఇంగ్లండుకు చెందిన విలియం ఫ్రూడ్ చెక్కదిమ్మల బదులు నీటి ఒరిపిడితో పనిచేసే యంత్రాన్ని తయారుచేశాడు. నేటి డైనమోమీటర్లకు ముత్తాతలు ఇవే.

ఇప్పటికీ కంపెనీలు ఇంజనును విడిగా బల్ల మీద బిగించి, ఇలాంటి యంత్రంతోనే కొలుస్తాయి. దానికి అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. గాలి 25 డిగ్రీల వేడితో, ఇంచుమించు సముద్రమట్టం దగ్గరుండే పీడనంతో ఉందనుకుని లెక్క సరిచేస్తారు. అంటే బ్రోచర్‌లోని అంకెకు గేరుబాక్సు తెలీదు, కొండ తెలీదు, వెనకసీట్లో కూర్చున్న బాబాయి బరువూ తెలీదు.

ఒకప్పుడైతే ఇది మరీ ఘోరం. 1971 దాకా అమెరికాలో ఆల్టర్నేటర్, ఫ్యాను, సైలెన్సర్ లాంటివి తీసేసి ఒట్టి ఇంజనును కొలిచి ఆ అంకెనే ప్రకటనల్లో వేసుకునేవారు. 1972 నుంచి అవన్నీ తగిలించి కొలవడం మొదలుపెట్టారు. అవే ఇంజన్లు... కాగితం మీద హార్స్‌పవర్ మాత్రం ఒక్కసారిగా పడిపోయింది!

దారిలో దిగిపోయే గుర్రాలు

ఇంజనులో పుట్టిన బలం చక్రాల దాకా రావాలంటే చాలా గడపలు దాటాలి. ముందు క్లచ్. తర్వాత గేరుబాక్సు. అందులో పళ్లచక్రాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తిరుగుతాయి. ప్రతి జత దగ్గరా కాస్త బలం రాపిడికి పోతుంది. పళ్లచక్రాలు మునిగి ఉండే చిక్కటి నూనెను చిలకడానికి ఇంకాస్త. బేరింగులకు మరికాస్త. ఇలా పోయిందంతా వేడిగా మారుతుంది. దూరప్రయాణం చేసొచ్చాక గేరుబాక్సు చెయ్యి పెట్టలేనంతగా కాలేది ఇందుకే.

జీపుల్లో ఇంకో మజిలీ ఉంది. ఇంజను ముందు నిలువుగా ఉంటుంది, తిరగాల్సినవేమో వెనక చక్రాలు. పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు ఆ బలాన్ని వెనక్కి మోసుకెళ్తుంది. అక్కడ డిఫరెన్షియల్ దాన్ని పక్కకు తిప్పి రెండు చక్రాలకూ పంచాలి. ఆ మలుపు దగ్గర పళ్లు ఒకదానిమీదొకటి జారుతూ రాసుకుంటాయి కాబట్టి నష్టం ఎక్కువ. ఇంజనును అడ్డంగా పెట్టి ముందుచక్రాలనే తిప్పే చిన్న కార్లలో ఈ మలుపూ ఉండదు, పొడవాటి షాఫ్టూ ఉండదు.

మెకానిక్కులు, ఇంజినీర్లు చెప్పే ఉజ్జాయింపు లెక్క ఏమిటంటే... ముందుచక్రాల బండ్లలో 10 నుంచి 15 శాతం, వెనకచక్రాల బండ్లలో 15 శాతం దాకా, నాలుగు చక్రాలూ తిరిగే బండ్లలో 20 శాతం అటూఇటూగా దారిలోనే పోతుంది. పాతకాలపు ఆటోమేటిక్ గేర్ల బండ్లలో ఇంకా ఎక్కువ. అయితే ఇది రాసిపెట్టుకోవాల్సిన సూత్రమేం కాదు. నూనెను చిలకడం లాంటి నష్టాలు బండి నెమ్మదిగా లాగుతున్నా ఉంటాయి. పళ్ల మధ్య రాపిడి లాగే బలాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే ఒకే బండిలో కూడా ఈ శాతం వేగాన్ని బట్టీ, గేరును బట్టీ మారిపోతుంది.

రోలర్ల మీద తూకం

చక్రాల దగ్గర నిజంగా ఎంత బలం ఉందో తెలుసుకోవాలంటే బండిని రోలర్ల మీదికి ఎక్కించాలి. పెద్ద నగరాల్లో ట్యూనింగ్ చేసే కొన్ని గ్యారేజీల్లో ఈ ఛాసిస్ డైనమోమీటర్లు ఉంటాయి. బండిని కదలకుండా పట్టీలతో కట్టేసి, ముందు పెద్ద ఫ్యాను పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు. బండి అక్కడే ఉంటుంది, రోలర్లు తిరుగుతాయి. వాటిని ఎంత బలంగా తిప్పిందో కంప్యూటరు గీత గీసి చూపిస్తుంది.

బ్రోచర్‌లో 75 ఉండి, ఇక్కడ 63 వచ్చిందని కంపెనీ మీద కోప్పడక్కర్లేదు. అది మామూలే. టైర్లలో గాలి తగ్గినా, పట్టీలు ఎక్కువ బిగించినా, ఆ రోజు ఎండ ముదిరినా అంకె మారుతుంది. ఒక గ్యారేజీలో వచ్చింది ఇంకోచోట రాకపోవచ్చు. కాబట్టి అంకె కన్నా తేడా ముఖ్యం. ఒకే రోలర్ల మీద నిరుడెంత, ఇప్పుడెంత... ఎయిర్ ఫిల్టర్ మార్చకముందెంత, మార్చాకెంత అని పోల్చుకుంటేనే ఉపయోగం.

కొండగాలికీ వాటా

చక్రాల దాకా వచ్చిన గుర్రాలకు అరకు దారిలో ఇంకో పరీక్ష ఉంది. అరకులోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంటుంది. దారిలో గాలికొండ దగ్గర రోడ్డు అంతకన్నా ఎత్తుకు ఎక్కి, మళ్లీ లోయలోకి దిగుతుంది. పైకెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తుకు దాదాపు పదోవంతు తగ్గిపోతుంది. గాలి తగ్గితే అందులోని ఆక్సిజన్ తగ్గుతుంది. దాంతో మండే పెట్రోలూ తగ్గుతుంది. మామూలు పెట్రోలు ఇంజను అక్కడ పదిశాతం బలం పోగొట్టుకుంటుందన్నమాట. గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో ఉన్న బండ్లకు ఈ బాధ తక్కువ. ఇప్పటి డీజిలు బండ్లు కొండల్లో పెట్రోలు కార్లను వెనకేసుకుపోవడానికి ఇదీ ఓ కారణం.

లెక్క వేసి చూద్దాం

ఒకప్పుడు మధ్యతరగతి ఇళ్ల ముందు కనిపించిన మారుతీ 800నే తీసుకుందాం. 2014లో తయారీ ఆగిపోయిన ఈ కారు చివరి మోడళ్లలో ఇంజను బలం 37 హార్స్‌పవర్. కారు బరువు 650 కిలోలు, అయిదుగురు మనుషులు, సంచులు కలిపి మొత్తం ఒక టన్ను అనుకుందాం. పన్నెండు మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు పైకెక్కే రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోవాలి. అంటే సెకనుకు దాదాపు 70 సెంటీమీటర్ల చొప్పున టన్ను బరువును పైకి లేపాలి. దానికి తొమ్మిదింపావు గుర్రాలు కావాలి. టైర్లు దొర్లడానికి, గాలిని చీల్చడానికి ఇంకో రెండు. మొత్తం 11 చాలు.

చేతిలో 37 ఉండగా 11కే మూలుగెందుకు? అక్కడే ఉంది కిటుకు. ఆ 37 గుర్రాలూ ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరిగినప్పుడే వస్తాయి. మూడో గేరులో 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఇంజను తిరిగేది రెండువేల చుట్లే. అప్పుడు దాని దగ్గరున్నవి మహా అయితే 17 గుర్రాలు. గేరుబాక్సు వాటా, కొండగాలి వాటా పోగా చక్రాలకు అందేవి దాదాపు 13. కావాల్సినవి 11. మిగిలిన రెండింటితో లారీని దాటడం సాధ్యమా? ఇక ఏసీ వేశారా... దాని కంప్రెసర్ రెండు మూడు గుర్రాలను మింగేస్తుంది. ఆ కాస్త మిగులూ మాయం!

మలుపు దగ్గర రోడ్డు ఇంకా నిటారుగా, ఎనిమిది మీటర్లకు ఒక మీటరు చొప్పున లేచిందనుకోండి. అప్పుడు 16 గుర్రాలు కావాలి, ఉన్నవి 13. బండి ఊపిరి బిగబట్టి, దగ్గి, ఆగిపోతుంది. వెనక లారీ, పక్కన లోయ! అదే మలుపుకు ముందే రెండో గేరులోకి మార్చి ఉంటే ఇంజను మూడువేల చుట్లకు చేరుతుంది. దాని బలం 24కు పెరిగి, చక్రాలకు 18 అందుతుంది. గండం గడిచినట్లే.

గేరు అనే గునపం

గేరు మార్చితే రెండు లాభాలు. ఒకటి, పైన చెప్పుకున్నట్టు ఇంజను వేగం పుంజుకుని ఎక్కువ గుర్రాలను బయటికి తీస్తుంది. రెండోది, చక్రాన్ని మెలితిప్పే బలం పెరుగుతుంది. దీన్నే టార్క్ అంటారు. చేత్తో లేవని బండరాయి గునపం వేసి ఎత్తితే కదులుతుంది కదా. చెయ్యి బారెడు కదిలితే రాయి బెత్తెడు కదులుతుంది, కానీ కదులుతుంది. గేర్లూ అంతే. చిన్న కార్లలో మొదటి గేరు ఇంజను మెలిబలాన్ని పదమూడు నుంచి పదహారు రెట్లు పెంచి చక్రాలకు అందిస్తుంది. వేగం అన్ని రెట్లు తగ్గుతుంది. గేరుబాక్సు కొత్తగా ఒక్క గుర్రాన్నీ పుట్టించదు. తన వాటాకు కాస్త తీసుకుంటుంది కూడా. కానీ ఉన్న బలాన్ని అవసరమైన రూపంలోకి మార్చి ఇస్తుంది.

రైలింజనుకూ తప్పని తిప్పలు

చక్రాల దాకా బలం వచ్చినంత మాత్రాన సరిపోదు. చక్రం కింద నేల పట్టు దొరకాలి. ఈ సంగతి అరకు కొండల్లో రోజూ తిరిగే రైళ్లను చూస్తే తెలుస్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ చేర్చి జపానుకు పంపేందుకు 1960ల్లో వేసిన కొత్తవలస - కిరండూల్ మార్గం ఈ కొండల్లోంచే వెళ్తుంది. దానిమీది శిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషనుగా దానికి పేరు. 1980ల చివర్లో స్వీడన్ నుంచీ జపాన్ నుంచీ 6000 హార్స్‌పవర్ విద్యుత్ ఇంజన్లను తెప్పించి విశాఖ షెడ్డులో ఉంచారు.

అంతటి ఇంజనైనా ఆగిన చోటునుంచి బండిని కదిలించేటప్పుడు ఆ ఆరువేల గుర్రాలనూ వాడుకోలేదు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం... పట్టు తక్కువ. పొడి పట్టాల మీద కూడా ఇంజను తన బరువులో మూడోవంతుకు అటూఇటూగానే లాగగలదు. వాన పడిందా, ఇంకా తక్కువ. మించి లాగాలని చూస్తే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకే ఇంజన్లలో ఇసుక డబ్బాలుంటాయి. చక్రం జారుతుంటే డ్రైవరు పట్టాల మీదికి ఇసుక చిమ్ముతాడు. వేల గుర్రాలకు దారి చూపేది ఆ గుప్పెడు ఇసుకే!

కారుకూ ఇదే వర్తిస్తుంది. ఎగువకు ఎక్కేటప్పుడు బండి బరువు వెనక్కి ఒరుగుతుంది. ముందుచక్రాల మీద భారం తగ్గి, తడిరోడ్డు మీదో కంకర మీదో అవి జారతాయి. వెనకచక్రాల జీపులు దారిలో ఎక్కువ గుర్రాలను పోగొట్టుకున్నా, మన్యం మట్టిబాటల్లో నెగ్గుకురావడానికి ఇదో కారణం.

ఎక్కింది కదా అని...

సంత రోజుల్లో మన్యం రోడ్ల మీద జీపులు, ఆటోలు చూడండి. లోపల, పైన, వెనక వేలాడుతూ మనుషులు, సంచులు. తొమ్మిదిమంది ఎక్కాల్సిన ఒకటిన్నర టన్నుల జీపులో పాతికమంది ఎక్కితే మొత్తం బరువు మూడు టన్నులకు చేరుతుంది. అయినా ఎక్కేస్తుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో మన పన్నెండుకొకటి ఎత్తు ఎక్కడానికి దానికి 22 గుర్రాలు చాలు. చిన్న గేరులో అవి సులువుగా దొరుకుతాయి. 'ఇంతమందితో ఎక్కింది, దిగడానికేం' అన్న ధీమా అక్కడే మొదలవుతుంది.

కానీ దిగేటప్పుడు పని ఇంజనుది కాదు, బ్రేకులది. టన్ను బరువున్న కారు 800 మీటర్ల ఎత్తునుంచి దిగితే రెండు యూనిట్లకు పైగా కరెంటుతో సమానమైన శక్తి విడుదలవుతుంది. పాతిక లీటర్ల మామూలు నీళ్లను తెర్లించేంత వేడి అది. గాలికీ టైర్లకీ పోయింది పోగా, మిగతాదంతా బ్రేకుల మీద పడితే అవి ఎర్రగా కాలి పట్టు వదిలేస్తాయి. బ్రేకు నూనె మరిగిందంటే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. మూడు టన్నుల జీపులో ఈ వేడి మూడింతలు!

అప్పుడు ఆదుకునేది, ఎక్కేటప్పుడు విసిగించిన ఆ రాపిడే. బండిని చిన్న గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజనును తిప్పాలి. గేరుబాక్సులో చిలికే నూనె, పళ్ల ఒరిపిడి, ఇంజను లోపలి రాపిడి అన్నీ కలిసి బండిని వెనక్కి పట్టుకుంటాయి. గుర్రాలను మింగిన భాగాలే ఇప్పుడు కళ్లెం వేస్తాయి. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగడమంటే ఆ కళ్లేన్ని తెంచేసుకోవడమే. నిజానికి ఆదా కూడా లేదు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే కాస్త తాగుతాయి.

ఈ దారి ఎంత కఠినమైందో 2021 ఫిబ్రవరిలో మరోసారి తెలిసింది. అరకు చూసి దిగివస్తున్న పర్యాటకుల బస్సు అనంతగిరి మండలం డముకు దగ్గర లోయలో పడి నలుగురు ప్రాణాలు కోల్పోయారు.

ఈమధ్య కొండెక్కుతున్న విద్యుత్ కార్లకు పలచటి గాలి బాధ లేదు. గేర్లు మార్చే పనీ లేదు. దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి, బండిని నిదానింపజేస్తూ బ్యాటరీని నింపుతుంది. కాకపోతే ఒక మెలిక. కొండమీద బ్యాటరీని పూర్తిగా నింపుకుని బయల్దేరితే ఆ కరెంటుకు చోటుండదు. మోటారు కళ్లెం సడలుతుంది. అందుకే పైన కాస్త ఖాళీ ఉంచుకుని దిగడం మేలు.

ఘాట్ ఎక్కే ముందు...

* మలుపు మధ్యలో కాదు, మలుపుకు ముందే గేరు తగ్గించండి. ఇంజను మూలిగేదాకా ఆగొద్దు.

* నిటారు ఎత్తులో బండి లాగకపోతే కాసేపు ఏసీ ఆపండి. కొండగాలి ఎలాగూ చల్లగానే ఉంటుంది.

* హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టొద్దు. ప్లేట్లు కాలిన వాసన వస్తోందంటే చక్రాలకు అందాల్సిన బలం అక్కడే బూడిదవుతోందని అర్థం. ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వేసి, చక్రం కింద రాయి పెట్టండి.

* టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, రేడియేటర్ నీళ్లు, బ్రేకు నూనె కిందే చూసుకోండి.

* ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే, లేదా అంతకన్నా చిన్న గేరులో దిగండి. బ్రేకును అదేపనిగా తొక్కిపట్టకుండా గట్టిగా వేసి వదులుతుండండి.

* వెనక బండి తొందరపడుతుంటే దారివ్వండి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వడం ఘాట్ మర్యాద.

ఈసారి షోరూమ్‌లో 'ఎంత హార్స్‌పవర్?' అని అడిగి ఊరుకోకండి. 'ఎన్ని చుట్ల దగ్గర వస్తుంది? టార్క్ ఎంత, ఎక్కడినుంచి మొదలవుతుంది? టర్బో ఉందా? నిండుగా జనం ఎక్కితే మొత్తం ఎంత బరువు మోయొచ్చు?' అని కూడా అడగండి. వీలైతే టెస్ట్ డ్రైవుకు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఏ ఫ్లైఓవరో ఎక్కి చూడండి. బ్రోచర్ ఇంజను గురించి చెబుతుంది. బండి గురించి చెప్పాల్సింది ఎత్తే!